విశాఖలో యూనివర్సిటీ పక్కన ఇల్లు: ఒక గది మనకి, మిగతావి చదువుకునే పిల్లలకి

అబ్బాయికో అమ్మాయికో విశాఖలో సీటు వస్తుంది. నాలుగేళ్ల హాస్టల్ ఫీజు కాగితం మీద వేసి చూసుకుంటారు. అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు అంటారు: “ఆ డబ్బేదో ఈఎంఐ కట్టుకుంటే ఇల్లు మిగుల్తుంది కదా. మిగతా గదులు వాళ్ల క్లాస్‌మేట్స్‌కి అద్దెకిద్దాం. సెలవులకి మనమూ వెళ్లి సముద్రం పక్కన నాలుగు రోజులు ఉండొచ్చు.” ఊహ బాగానే ఉంటుంది. చాలామంది దీన్ని అద్దె కోసం కొనే ఇల్లుగా చూసి దెబ్బతింటారు. నా లెక్కలో ఇది మొదట మీ ఇల్లు, అద్దె దాని ఖర్చులో కొంత తగ్గించేది మాత్రమే. ఆ వరస తప్పకుండా, రుషికొండలోని గీతం యూనివర్సిటీ పరిసరాలనీ ఆంధ్రా యూనివర్సిటీ చుట్టుపక్కలనీ దృష్టిలో పెట్టుకుని చెప్తాను. ఊరు వేరైనా పని జరిగే తీరు చాలావరకు ఇదే.

1. ఏడాదిలో ఇల్లు ఎప్పుడు మీది, ఎప్పుడు వాళ్లది

ఫ్లాట్లు చూడ్డం మొదలెట్టకముందే తేల్చుకోవాల్సిన సంగతి ఇది. దారులు రెండు. మొదటిది, ఇల్లంతా పది నెలలు పిల్లలకిచ్చి, మే, జూన్ నెలలు మీరు వాడుకోవడం. రెండోది, త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్ తీసుకుని ఒక గదికి ఏడాది పొడుగునా మీ తాళం వేసుకోవడం.

చాలామందికి మొదటిదే ముద్దొస్తుంది. నేను రెండోదే మంచిదంటాను. పిల్లలు ఏప్రిల్ చివర్లో ఊరెళ్తారు, కానీ సామాను తీసుకెళ్లరు. పరుపు, పుస్తకాలు, బక్కెట్టు, సగం వాడిన షాంపూ బాటిల్‌తో సహా అన్నీ గదిలోనే ఉంటాయి. “రెండు నెలలకి ఖాళీ చెయ్యండి” అంటే ఆ సామాను ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మంచి కుర్రాళ్లు వేరే ఇల్లు చూసుకుంటారు. మళ్లీ జూలైలో మనుషుల్ని వెతుక్కోవడం మొదలు. అదే మీ గది మీకుంటే సంక్రాంతికైనా, డాక్టరు పని మీదైనా, పెళ్లికైనా వెళ్లి దిగొచ్చు. వాళ్లు ఉన్నా ఇబ్బంది లేదు. పెద్దవాళ్లు అప్పుడప్పుడు వచ్చి పోయే ఇల్లని తెలిస్తే పిల్లలూ కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు. మీ గదికి బాత్రూమ్ లోపలే ఉండాలి, ఈ విషయంలో రాజీ పడొద్దు.

2. లెక్క, మొహమాటం లేకుండా

ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలు, మీ ఫ్లాట్‌కి మీవి వేసుకోండి. పాత త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్ 60 లక్షలు అనుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంప్ డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. అంటే 4.5 లక్షలు. రంగులు, మంచాలు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ కలిపి 3 లక్షలు. ఇప్పటికే 67.5 లక్షలయింది.

30 లక్షలు దాటి 75 లక్షల లోపు గృహరుణానికి ఇంటి విలువలో 80 శాతం మించి ఇవ్వొద్దని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. ఆ విలువలోకి రిజిస్ట్రేషన్ ఖర్చు రాదు. కాబట్టి 48 లక్షలు లోను, 19.5 లక్షలు మీ చేతి డబ్బు. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లయితే ఈఎంఐ దాదాపు 41,700.

ఇప్పుడు అద్దె. ఒక గది మీది. మిగతా రెండింట్లో ఇద్దరేసి నలుగురు, మనిషికి 6,500 అనుకుంటే నెలకి 26,000. ఏడాదికి పన్నెండు నెలలు లెక్కెయ్యకండి, పది వేసుకోండి: 2.6 లక్షలు. అందులోంచి మెయింటెనెన్స్, ఇంటి పన్ను, రిపేర్లు ఓ 80 వేలు తీసేస్తే 1.8 లక్షలు మిగులుతుంది. ఏడాది ఈఎంఐ 5 లక్షలు. నెలకి ఇరవై ఆరు వేల పైచిలుకు మీ జీతంలోంచి పోవాలి.

పెట్టిన మొత్తం మీద చూస్తే ఆ 1.8 లక్షలు మూడు శాతం కూడా కాదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఇంతకంటే ఎక్కువ ఇస్తుంది. మరి ఎందుకు కొనాలి? మీ బిడ్డ అందులో ఉంటే హాస్టల్ ఖర్చు మిగులుతుంది. ఏడాదికి నెలో రెండు నెలలో మీరూ ఉంటారు. రిటైరయ్యాక అక్కడ స్థిరపడే ఆలోచన ఉండొచ్చు. ఈ మూడింట్లో కనీసం రెండు మీకు నిజమైతేనే ముందుకెళ్లండి. “రేటు పెరుగుతుంది” అన్నదాన్ని ఈ లెక్కలోకి రానివ్వొద్దు. డేటా సెంటర్లు, భోగాపురం ఎయిర్‌పోర్ట్, ఐటీ కంపెనీలు అంటూ బ్రోకర్ చెప్పేవన్నీ అమ్మేవాడు ఈపాటికే రేటులో కలిపేసుకుని ఉంటాడు.

3. ఏ యూనివర్సిటీ, ఏ వీధి

యూనివర్సిటీ ఉంది కదా అని అద్దెకి గిరాకీ ఉంటుందనుకోకూడదు. పిల్లలు బయట ఉండే యూనివర్సిటీ అయి ఉండాలి. గంభీరంలోని ఐఐఎం, సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ క్యాంపస్ హాస్టళ్లలో ఉండి చదివే చోట్లు. వాటి పక్కన ఫ్లాట్ కొని విద్యార్థుల కోసం చూస్తూ కూర్చుంటే చూస్తూనే ఉండాలి.

ఆంధ్రా యూనివర్సిటీ 1926లో పెట్టినది. చుట్టూ చినవాల్తేరు, పెదవాల్తేరు, సిరిపురం, మద్దిలపాలెం, కాస్త అవతల ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే కాలనీ. ఊరి నడిబొడ్డు కాబట్టి విద్యార్థులు దొరక్కపోతే ఉద్యోగస్తులకో ఫ్యామిలీకో ఇచ్చేయొచ్చు. ఇల్లు ఖాళీగా ఉండదు. కానీ రేటు ఎక్కువ, బిల్డింగులు పాతవి, మనిషికి ఇంత అంటే ఇవ్వగలిగేవాళ్లు తక్కువ.

గీతం వైపు, అంటే రుషికొండ, ఎండాడ, సాగర్ నగర్, ఇంకొంచెం ముందుకెళ్తే మధురవాడ, కొమ్మాది, సంగతి వేరు. ఇంజనీరింగ్ పిల్లలు స్నేహితులతో కలిసి ఫ్లాట్ తీసుకోవడానికి ఇష్టపడతారు. మీకు సముద్రమూ దక్కుతుంది. ఇక్కడ చూడాల్సింది కిలోమీటర్లు కాదు, హైవే. జాతీయ రహదారి 16కి యూనివర్సిటీ ఉన్న పక్కనే ఇల్లుంటే పిల్లలు రోజూ హైవే దాటక్కర్లేదు. బండి మీద అటూ ఇటూ దాటాల్సి వస్తే అద్దెకి అడగడానికొచ్చిన తల్లిదండ్రుల మొదటి ప్రశ్న అదే. ఇల్లు చూడ్డానికి ఉదయం ఎనిమిదిన్నరకి వెళ్లండి, రాత్రి తొమ్మిదింటికి ఇంకోసారి వెళ్లండి. వీధి దీపాలు వెలుగుతున్నాయా, ఆటో దొరుకుతుందా, టిఫిన్ బండి, కర్రీ పాయింట్ నడిచివెళ్లే దూరంలో ఉన్నాయా చూసుకోండి. వంట చేసుకుంటామని చెప్పి చేరిన పిల్లలు రెండో నెలకల్లా కర్రీ పాయింట్ మీదే బతుకుతారు.

4. అడ్వాన్స్ ఇవ్వకముందే అసోసియేషన్‌తో మాట్లాడండి

కాగితాలన్నీ సవ్యంగా ఉండి, రేటు కుదిరి, రిజిస్ట్రేషన్ కూడా అయిపోయాక ఎక్కువమంది తల పట్టుకునేది ఇక్కడే. కింద వాచ్‌మన్‌ని ఊరికే పలకరించి చూడండి: “కుర్రోళ్లకిస్తే పర్లేదా బాబూ?” చాలాచోట్ల వచ్చే జవాబు, “ఇవ్వరండి. ప్రెసిడెంటు గారు ఊరుకోరు. ఫ్యామిలీస్ ఓన్లీ అండి ఇక్కడ.”

ఇల్లు మీదే కావచ్చు, చట్టం మీ వైపే ఉండొచ్చు. కానీ లిఫ్ట్‌లో రోజూ ఎదురయ్యే పక్కింటివాళ్లతో గొడవ పెట్టుకుని, రెండు వందల కిలోమీటర్ల అవతల కూర్చుని ఇల్లు నడపలేరు. అందుకని అసోసియేషన్ బైలాస్, అంటే వాళ్లు రాసుకున్న నియమాల కాపీ అడగండి. ప్రెసిడెంట్‌నో సెక్రటరీనో కలిసి, నలుగురు విద్యార్థులు ఉంటారని ఉన్నదున్నట్టు చెప్పండి. ఇప్పటికే ఆ బిల్డింగ్‌లో విద్యార్థులు ఉంటే వాళ్లనీ కదపండి, అసలు సంగతులు వాళ్ల దగ్గరే తెలుస్తాయి. అమ్మేవాడి మెయింటెనెన్స్ బకాయిలు లేవని అసోసియేషన్ నుంచి లెటర్ తీసుకోవడం కూడా ఇదే విడతలో అయిపోతుంది.

“చుట్టాలబ్బాయిలని చెప్దాం” అనే సలహా ఇచ్చే బ్రోకర్ని పక్కన పెట్టండి.

5. ఉప్పుగాలి సంగతి

లోపలి జిల్లాల నుంచో హైదరాబాద్ నుంచో వచ్చి కొనేవాళ్లకి ఇది తట్టదు. బీచ్‌కి దగ్గరగా ఉన్న ఫ్లాట్‌లో బాల్కనీ గ్రిల్‌ని కిందివైపు, సిమెంట్‌లోకి దిగే చోట, వేలితో గీకి చూడండి. పైన కొత్త పెయింట్ మెరుస్తుంటుంది, కింద పొరలు పొరలుగా తుప్పు ఊడొస్తుంది. ఏసీ బయటి యూనిట్ వెనక రెక్కలు చూడండి. తెల్లగా పొడి పట్టి, ముట్టుకుంటే విరిగిపోతుంటే ఆ ఏసీకి రేటు కట్టొద్దు. బాత్రూమ్ సీలింగ్‌లో పెచ్చులూడి లోపలి ఊచ కనిపిస్తుంటే బేరం అక్కడితో ఆపి, ఇంజనీర్‌ని తీసుకొచ్చి చూపించండి. ఊచ తుప్పు పట్టి ఉబ్బితే కాంక్రీటు పగులుతుంది, రంగు వేసినంత మాత్రాన అది పోదు.

సముద్రానికి ఎదురుగా ఉన్న కిటికీలు గట్టివో కాదో చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో అద్దాలు పగిలిన ఇళ్లకి లెక్కలేదు. ఇంటి ఇన్సూరెన్స్ తీసుకుంటే తుఫాను నష్టం అందులో ఉందో లేదో చదివి తీసుకోండి. ఇక నీళ్లు: మున్సిపల్ నీళ్లు రోజుకి ఎంతసేపు, బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయా, వేసవిలో ట్యాంకర్ తెప్పిస్తారా, ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లోనే ఉందా. కుళాయి తిప్పి నోట్లో పోసుకుని చూడండి, సిగ్గుపడాల్సిందేం లేదు.

నన్నడిగితే సముద్రం కనపడే ఫ్లాట్ కంటే రెండు వీధులు వెనక ఉన్నదే మేలు. పిల్లలు వ్యూ కోసం అదనంగా అద్దె ఇవ్వరు.

6. కాగితాలు

బ్యాంకు లాయర్ చూశాడు కదా అని వదిలెయ్యకండి. ఆయన చూసేది బ్యాంకు కోసం. మీ తరఫున ఒక లాయర్‌ని పెట్టుకోండి. ఆయన చూడాల్సినవి చూస్తాడు, మీరు అడగాల్సినవి ఇవి.

లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు, ముప్పై ఏళ్ల వెనక్కి ఉన్నాయా. ఈసీలో (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తనఖాలేమైనా కనిపిస్తున్నాయా. చాలా అపార్ట్‌మెంట్లకి ప్లాన్ ఇచ్చేటప్పుడు కట్టే విస్తీర్ణంలో పది శాతాన్ని బిల్డర్ మున్సిపాలిటీకి తనఖా పెట్టి ఉంటాడు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారం కట్టారు, ఇక ఉండొచ్చు అని ఇచ్చేది) వచ్చాకే అది విడుదలవుతుంది. మీరు కొంటున్నది ఆ పది శాతంలోని ఫ్లాట్ కాదని ఖాయం చేసుకోండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల జాబితాలో, ఉందేమో చూడండి. విశాఖలో ప్రభుత్వ భూములు, డీ-పట్టాలు (పేదలకి ప్రభుత్వం ఇచ్చిన భూములు), దేవస్థానం భూములు ఎక్కువ. అడవివరం, వేపగుంట వైపు చవగ్గా వస్తుందని ఎవరైనా అంటే, సింహాచలం పంచగ్రామాల భూసమస్య (అక్కడి ఐదు ఊళ్ల భూములు ఎవరివన్న దానిమీద దేవస్థానానికీ అక్కడ ఉంటున్నవాళ్లకీ ఉన్న తగాదా) ఏమిటో తెలుసుకున్నాకే అడుగెయ్యండి. బీచ్ రోడ్డుని ఆనుకున్నదైతే తీర నియంత్రణ జోన్ అనుమతులు కూడా.

విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ఇచ్చిన ప్లాన్‌లో ఎన్ని అంతస్తులున్నాయో, పైన నిలబడి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. పై అంతస్తు చవగ్గా ఇస్తున్నారంటే ఒక్కోసారి కారణం అదే. సేల్ డీడ్‌లో మీ వాటాకి వచ్చే స్థలం ఎన్ని గజాలో రాసి ఉండాలి. రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, కొత్త ప్రాజెక్టులకి పనికొస్తుంది. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో కట్టినవి, ఎనిమిది ఫ్లాట్లు మించనివి దాని కిందికి రావు, ఇక్కడి వీధుల్లో అలాంటివి చాలా ఉన్నాయి.

ఈ పని కోసం కడుతున్న బిల్డింగ్‌లో కొనడం నాకు నచ్చదు. పిల్లాడి చదువు నాలుగేళ్లు, బిల్డర్ ఆలస్యం రెండేళ్లు. పైగా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాకముందు కొంటే జీఎస్టీ ఉంటుంది, మామూలుగా 5 శాతం. పాత ఫ్లాట్‌కి అది లేదు.

7. రిజిస్ట్రేషన్ రోజుకి ముందు

ధర 50 లక్షలు గానీ ఆపైన గానీ ఉంటే ఇచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) కోసి, అమ్మేవారి పాన్ మీద మీరే కట్టాలి. అమ్మేది ఎన్నారై అయితే లెక్క పూర్తిగా వేరు. 50 లక్షల పరిమితి లేదు, శాతమూ చాలా ఎక్కువ. విశాఖలో అమెరికాలో ఉన్నవాళ్ల ఫ్లాట్లు బోలెడు అమ్మకానికొస్తాయి కాబట్టి ఇది ముందే అడిగి, ఆడిటర్‌తో లెక్క వేయించుకోండి. కోయాల్సింది కోయకపోతే నోటీసు వచ్చేది మీకే. విదేశంలో రాసిన పవర్ ఆఫ్ అటార్నీతో (తన బదులు ఇంకొకరు సంతకం పెట్టడానికి ఇచ్చే అధికార పత్రం) సంతకం జరుగుతుంటే, అది ఇండియాకి వచ్చిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించారో లేదో చూసుకోండి.

స్టాంప్ డ్యూటీ మీరు రాసుకున్న ధరకీ, ప్రభుత్వం పెట్టిన విలువకీ ఏది ఎక్కువైతే దాని మీద పడుతుంది. అయిపోయాక కరెంటు మీటరు, ఇంటి పన్ను, నీటి కనెక్షన్ మీ పేరు మీదికి మార్పించుకోవడం వాయిదా వెయ్యకండి.

8. సామాను, కరెంటు

ఇనప మంచాలు వద్దు, తుప్పు. చెక్క మంచాలు, మనిషికో బల్ల, మనిషికో తాళం పడే బీరువా అర. ఇంటికో వాషింగ్ మెషీన్, ఫ్రిజ్, వాటర్ ప్యూరిఫయర్. పరుపులు వాళ్లనే తెచ్చుకోమనండి. ఏసీ మీరు పెడితే కరెంటు బిల్లు దగ్గర గొడవ ఖాయం. ఇంటి కరెంటు శ్లాబుల్లో యూనిట్లు పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది, ఒక గదివాళ్లు రాత్రంతా ఏసీ వేస్తే రెండో గదివాళ్లూ పై శ్లాబు మొయ్యాలి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఒక్కో గది ఏసీకి ఒక్కో సబ్ మీటర్ పెట్టించండి. అదే లైనులో మీ గదికీ ఒకటి. ఇంటర్నెట్ వాళ్ల పేరు మీద వాళ్లే పెట్టించుకోవడం మంచిది.

9. ఎవరికివ్వాలి, ఏం రాసుకోవాలి

రెండో ఏడాది పిల్లల్ని వెతకండి. మొదటి ఏడాది వాళ్లని తల్లిదండ్రులు ఎక్కువగా హాస్టల్‌లోనే ఉంచుతారు. నాలుగో ఏడాది వాళ్లు డిసెంబరు దాటగానే ఇంటర్న్‌షిప్ అని బెంగళూరో హైదరాబాదో వెళ్లిపోతారు, జనవరిలో మీకు కొత్తవాళ్లు దొరకరు. రెండో ఏడాది వాళ్లు కుదిరితే రెండున్నరేళ్లు నిశ్చింత. వెతకడం మే నెలలో మొదలెట్టండి. ఆగస్టుకి నిండకపోతే ఆ ఏడాది సగం పోయినట్టే.

నలుగురూ ఒకే స్నేహితుల గుంపు అయితే గొడవలు తక్కువ, కానీ ఖాళీ చేస్తే నలుగురూ ఒకేసారి చేస్తారు. ఇద్దరిద్దరుగా రెండు జట్లయితే నాకు నచ్చుతుంది. మీ అబ్బాయి కూడా అక్కడే ఉంటే ఒక మాట: అద్దె వసూలు వాడి నెత్తిన పెట్టకండి. స్నేహితుణ్ణి అద్దె అడగలేడు, మీకు చెప్పనూ లేడు. డబ్బు నేరుగా తల్లిదండ్రుల నుంచి మీ ఖాతాకి రావాలి.

పద్దెనిమిది నిండని పిల్లల సంతకం కాంట్రాక్టుకి చెల్లదు. నిండినా సరే, అగ్రిమెంట్‌లో తండ్రో తల్లో సంతకం ఉండాలి. పదకొండు నెలలకి రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదనే మాట దేశమంతా వినిపిస్తుంది గానీ, ఆంధ్రప్రదేశ్‌లో 1999లో చేసిన సవరణతో ఎంత కాలానికైనా లీజు రిజిస్టర్ చేయాలి. ఊళ్లో ఎక్కువమంది నోటరీతోనే కానిచ్చేస్తారు. గొడవ కోర్టుకెళ్తే ఆ కాగితం ఎంతవరకు నిలబడుతుందో మీ లాయర్‌ని అడిగి నిర్ణయించుకోండి.

అగ్రిమెంట్‌లో తప్పక రాయాల్సినవి: వేసవి రెండు నెలలు గది ఉంచుకుంటే సగం అద్దె (ఇది ముందే చెప్తే దాదాపు అందరూ ఒప్పుకుంటారు), రెండు నెలల అడ్వాన్సు, ఒకరు మధ్యలో వెళ్లిపోతే వారి వాటా ఎవరు కడతారు, తాళం వేసిన గది మీదని, మీరు ఎప్పుడైనా వచ్చి అందులో ఉంటారని. ఆధార్, కాలేజీ ఐడీ కాపీలు తీసుకుని స్థానిక పోలీస్ స్టేషన్‌లో వివరాలు ఇచ్చేయండి. చేరిన రోజే ఇల్లంతా ఫోన్‌లో వీడియో తీసి, వాళ్లకీ వాళ్ల తల్లిదండ్రులకీ వాట్సాప్‌లో పంపండి. అడ్వాన్సులో కోత గురించి తర్వాత వాదన ఉండదు.

భోజనం పెట్టి హాస్టల్‌లా నడుపుదామనే ఆశ కలుగుతుంది. అప్పుడది ఇల్లు కాదు, వ్యాపారం. లైసెన్సు, కరెంటు కేటగిరీ, అసోసియేషన్, పన్ను అన్నీ మారిపోతాయి. వద్దు.

10. పన్ను

వచ్చిన అద్దెలోంచి మీరు కట్టిన ఇంటి పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం ఖర్చుల కింద తీసేస్తారు, బిల్లులేవీ చూపించక్కర్లేదు. ఆ తర్వాత లోను వడ్డీ. ఒక గది మీరు ఉంచుకున్నారు కాబట్టి ఇంటి పన్ను, వడ్డీ రెండూ అద్దెకిచ్చిన భాగం మేరకే వస్తాయి. కొత్త పన్ను విధానంలో ఉంటే వడ్డీ అద్దె ఆదాయాన్ని సున్నా చేయగలదు గానీ, మిగిలిన నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోలేరు. పాత విధానంలో 2 లక్షల వరకు తగ్గించుకోవచ్చు. ఇల్లు కొంటే పన్ను మిగులుతుందని చెప్పేవాళ్లు ఈ తేడా చెప్పరు.

కొనేది ఎన్నారై అయితే ఇంకో చిక్కు: ఎన్నారై యజమానికి అద్దె ఎంత చిన్నదైనా, కట్టేవాళ్లే టీడీఎస్ కోసి జమ చెయ్యాలి. శ్రీకాకుళం నుంచి కొడుకుని చదివిస్తున్న ఒక రైతు నెలనెలా ఆ పని చేస్తాడనుకోవడం అత్యాశ. ఇల్లు ఎవరి పేరు మీద కొనాలన్నది సంతకాలకి ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

11. చదువు అయిపోయాక

కొన్న 24 నెలల తర్వాత అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను. కొన్న ధరలోకి రిజిస్ట్రేషన్ ఖర్చు, ఇంటికి పెట్టిన శాశ్వత మార్పుల ఖర్చు కలుపుకోవచ్చు కాబట్టి ఆ బిల్లులు మొదటి రోజు నుంచి ఒక ఫైల్లో పెట్టండి. అమ్మాలనుకుంటే ఆ ఏడాది ఏప్రిల్‌లోనే పిల్లలకి చెప్పేసి, జూలైలో కొత్తవాళ్లని చేర్చుకోకండి. నలుగురు కుర్రాళ్ల బట్టలు ఆరేసి ఉన్న హాల్లో ఇల్లు చూపిస్తే ఫ్యామిలీలు గుమ్మంలోనే రేటు తగ్గించేస్తారు. మే నెలలో రంగులు వేయించి, గ్రిల్స్‌కి తుప్పు గీకించి, ఖాళీ ఇల్లు చూపించండి. కొత్త విద్యా సంవత్సరానికి ముందు ఆ నెలల్లోనే మీలాంటి ఇంకో తల్లీతండ్రీ ఇల్లు వెతుక్కుంటూ వస్తారు.